ఫోన్‌లో, మోడెమ్‌లో 2జీ, 3జీ ఆపడం: ముందు ఏం చూసుకోవాలి, ఏ వరుసలో చేయాలి

నకిలీ టవర్లు ఫోన్‌లోకి దొంగ మెసేజులు పంపేది 2జీ దారిలోనే కాబట్టి, దాన్ని ఆపేయమని చెప్పడం తేలికే. ఆపిన మర్నాడు "మీ ఫోన్ కలవట్లేదేంటి" అని అత్తగారు నిలదీస్తే జవాబు చెప్పడమే కష్టం. ఈ విషయం మీద వస్తున్న ప్రశ్నల్లో సగం "ఎక్కడ ఆపాలి" అనేవి, మిగతా సగం "ఆపాక కాల్స్ పోయాయి, ఏం చేయాలి" అనేవి. రెండో రకం ప్రశ్న రాకుండా ఉండాలంటే వరుస తప్పకూడదు: ముందు మీ కాల్ 4జీ మీద నిలబడాలి, ఆ తర్వాతే 2జీ తీసేయాలి.

కింద చెప్పేవన్నీ విశాఖలో మనం వాడే నెట్‌వర్కులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఫోను, ఇంట్లో 4జీ రౌటర్, సీసీ కెమెరాకో చెరువు దగ్గర సెన్సర్‌కో పెట్టిన మోడెమ్, మూడింటికీ వేర్వేరు భాగాలున్నాయి. 1, 2, 3 భాగాలు మాత్రం అందరూ చదవాలి.

1. ఏది ప్రమాదం, ఎంత ప్రమాదం

2జీలో టవర్ మీ సిమ్‌ను పరీక్షిస్తుంది కానీ, ఆ టవర్ అసలుదేనా అని ఫోన్ అడగదు. కాబట్టి ఎవరైనా ఒక చిన్న పెట్టెలో నకిలీ టవర్ పెట్టుకుని దగ్గరకొస్తే ఫోన్ నమ్మి దానికి అతుక్కుంటుంది. పైగా ఆ నకిలీ టవర్ "ఎన్‌క్రిప్షన్ వద్దు" (మాటలకు, మెసేజులకు రహస్య తాళం వేయొద్దు) అంటే సరేనంటుంది. ఎన్‌క్రిప్షన్ ఉన్నా, అందులో ఎక్కువగా వాడిన ఏ5/1 పద్ధతిని ఛేదించే పట్టికలు 2009లోనే బయటికొచ్చాయి.

ఈ పెట్టెలతో ఇప్పుడు ఎక్కువగా చేస్తున్న పని మాటలు వినడం కాదు, దొంగ ఎస్ఎంఎస్‌లు గుప్పించడం. పారిస్‌లో 2022 చివర్లో, లండన్‌లో 2024లో ఇలాంటి కేసుల్లో అరెస్టులు జరిగాయి. ఈ మెసేజ్ మీ ఆపరేటర్ గుండా రాదు, పక్కనున్న పెట్టె నుంచి నేరుగా ఫోన్‌లో పడుతుంది. బ్యాంకు పేరు, కరెంటు ఆఫీసు పేరు, ఏది కావాలంటే అది పైన కనిపించేలా పెట్టొచ్చు. ఆపరేటర్ దగ్గరుండే స్పామ్ వడపోత దాన్ని చూడను కూడా చూడదు.

3జీ నుంచి టవర్ కూడా తన గుర్తింపు చూపించాలి. కాబట్టి 3జీ పాతదే అయినా 2జీ అంత బలహీనం కాదు. ముందు 2జీ సంగతి చూడండి. 3జీని వీలైతే ఆపండి, కుదరకపోతే దాని కోసం ఫోన్‌ను తిప్పలు పెట్టొద్దు.

ఒక అపోహ గట్టిగా పాతుకుపోయింది: "నాది జియో, జియోకి 2జీ లేదు, నాకెందుకు ఈ గొడవ" అని. జియోకి 2జీ లేని మాట నిజమే, మీ ఫోన్‌లోని రేడియోకి మాత్రం ఉంది. నకిలీ టవర్‌కు కావాల్సింది ఆ రేడియోనే, మీ ఆపరేటర్‌తో దానికి పని లేదు. నిజానికి జియో వాడేవాళ్లే అందరికంటే ముందు ఆపేయాలి, ఎందుకంటే వాళ్లకు పోయేదేమీ లేదు.

2. మొదలుపెట్టే ముందు: మీ సిమ్ ఎవరిది?

జియో 2016 సెప్టెంబరులో మొదలైనప్పటి నుంచీ 4జీయే, తర్వాత 5జీ వచ్చింది. కాల్స్ అన్నీ ఇంటర్నెట్ ప్యాకెట్ల మీదే నడుస్తాయి. 2జీ, 3జీ రెండూ నిశ్చింతగా ఆపొచ్చు.

ఎయిర్‌టెల్ 2020 నాటికి దేశమంతా 3జీ మూసేసింది, 2జీని ఉంచుకుంది. మీ ఫోన్‌లో వోల్టీ (4జీ మీదే కాల్ నడిపే పద్ధతి) పనిచేయకపోతే కాల్ వచ్చిన ప్రతిసారీ ఫోన్ 4జీ నుంచి 2జీకి జారుతుంది. ఇది మీకు కనిపించదు. అందుకే తర్వాతి భాగంలోని పరీక్ష తప్పనిసరి.

వీఐ వాడేవాళ్లకూ అదే లెక్క: 2జీ ఉంది, కాబట్టి వోల్టీ నిలబడిందో లేదో చూసుకోవాలి.

బీఎస్ఎన్ఎల్ దగ్గర ఆగి ఆలోచించాలి. దేశీ పరిజ్ఞానంతో కట్టిన వాళ్ల 4జీ దేశవ్యాప్తంగా అధికారికంగా మొదలైంది 2025 సెప్టెంబరులో. పాత సిమ్ అయితే ముందు 4జీ సిమ్‌కి మార్చుకోవాలి. ఆ తర్వాత మీ వీధిలో వాళ్ల 4జీ వస్తోందా, దాని మీద కాల్ నడుస్తోందా చూడాలి. రెంటికీ "అవును" అని జవాబు వస్తే తప్ప 2జీ జోలికి వెళ్లొద్దు.

చేతిలో ఉండాల్సినవి:

☐ ఫోన్ మోడల్ పేరు, ఆండ్రాయిడ్ లేదా ఐఓఎస్ వెర్షన్ నంబరు
☐ రెండు సిమ్‌లుంటే రెండింటి ఆపరేటర్ల పేర్లు
☐ పరీక్షకు కాల్ చేయడానికి ఇంట్లో ఇంకో ఫోను
☐ రౌటర్ అయితే దాని అడ్మిన్ పాస్‌వర్డ్ (వెనకాల స్టిక్కర్ మీద ఉంటుంది)
☐ ఇప్పుడున్న సెట్టింగుల స్క్రీన్ ఫొటో, ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి

3. కాల్ 4జీ మీద నిలబడిందా? పరీక్ష

ఈ భాగాన్ని దాటేసినవాళ్లే తర్వాత ఇబ్బంది పడుతున్నారు. అయిదు నిమిషాల పని, కూర్చుని చేయండి.

మొదట ఫోన్ సెట్టింగుల్లో సిమ్ పేరు నొక్కి, "వోల్టీ" లేదా "4జీ కాలింగ్" అనే మీట ఆన్‌లో ఉందో లేదో చూడండి. కొన్ని ఫోన్లలో ఈ మీట కనిపించదు, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. రెండు సిమ్‌లుంటే ఒక్కోదానికి విడివిడిగా చూడాలి.

తర్వాత అసలు పరీక్ష. వైఫై ఆపండి. మొబైల్ డేటా ఆన్‌లో ఉంచి, ఇంకో ఫోన్‌కి కాల్ చేయండి. మాట్లాడుతూనే బ్రౌజర్ తెరిచి ఇంతకుముందు చూడని పేజీ ఏదైనా తెరవండి. పేజీ వచ్చిందా, సిగ్నల్ గడుల పక్కన 4జీ లేదా 5జీ అనే గుర్తు అలాగే ఉందా? అయితే మీ కాల్ 4జీ మీదే ఉంది. గుర్తు మాయమై, లేదా "ఈ", "జి" అనే అక్షరం వచ్చి, పేజీ కదలకుండా ఆగిపోతే కాల్ 2జీకి జారినట్టే.

రెండు సిమ్‌ల ఫోన్లో డేటా ఏ సిమ్‌ది పెట్టారో ఆ సిమ్ నుంచే కాల్ చేయాలి, లేకపోతే ఈ పరీక్షకు అర్థం లేదు. మొదటి సిమ్ అయ్యాక డేటాను రెండో సిమ్‌కి మార్చి మళ్లీ చేయండి.

ఆ తర్వాత మూడు పనులు: అవతలి ఫోన్ నుంచి మీకు కాల్ చేయించుకోండి, ఒక ఎస్ఎంఎస్ పంపించుకోండి, ఏదైనా యాప్‌లో లాగిన్ అయి ఓటీపీ వస్తోందో లేదో చూడండి.

ఆండ్రాయిడ్‌లో ఇంకొంచెం లోపలికి చూడాలనుకుంటే డయల్ ప్యాడ్‌లో *#*#4636#*#* నొక్కండి. "ఫోన్ ఇన్ఫర్మేషన్" తెరిచి, మూడు చుక్కల మెనూలో "ఐఎంఎస్ సర్వీస్ స్టేటస్" చూడండి. అక్కడ "రిజిస్టర్డ్" అని ఉంటే వోల్టీ సిద్ధంగా ఉన్నట్టు. కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ మెనూ తెరుచుకోదు, అయినా ఫరవాలేదు, పైన చెప్పిన కాల్ పరీక్ష చాలు.

వోల్టీ నిలబడకపోతే ఈ వరుసలో ప్రయత్నించండి:

☐ ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి, పది సెకన్లాగి ఆపండి
☐ ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పెండింగ్ ఉంటే చేయండి
☐ సిమ్ 4జీ కాలానికి ముందుదైతే మార్పించుకోండి
☐ 198కి చేసి, మీ నంబరుకు వోల్టీ ఆన్ చేయమని అడగండి

ఇవన్నీ చేసినా రాకపోతే, ఫోన్ బయటి దేశం నుంచి తెచ్చిందేమో ఆలోచించండి. గల్ఫ్ నుంచో సింగపూర్ నుంచో వచ్చిన కొన్ని మోడళ్లలో మన ఆపరేటర్ల వోల్టీ అమరికలు ఉండవు. అలాంటి ఫోన్లో 2జీ ఆపితే కాల్స్ పోతాయి. ఆపొద్దు.

4. ఇంట్లో సిగ్నల్ ఎంతుందో చూసుకోండి

2జీ ఆపాక 4జీ అందని చోట ఫోన్ చేతిలో ఉన్నా లేనట్టే. మన ఊళ్లో కొండలు ఎక్కువ. సింహాచలం కొండ పక్కనో, కైలాసగిరి చాటునో ఇల్లుంటే వీధి చివర నిండుగా ఉన్న గడులు పడగ్గదిలో ఒకటికి పడిపోతాయి. అపార్ట్‌మెంట్ల సెల్లార్ పార్కింగ్ సంగతి చెప్పనక్కర్లేదు.

గడులను నమ్మకండి, అంకె చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగుల్లో సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ బలం మైనస్ డీబీఎంలో ఉంటుంది, అంకె సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ. 4జీకి మైనస్ 90 లేదా అంతకంటే మెరుగ్గా ఉంటే హాయి. మైనస్ 100 దాకా నడుస్తుంది. మైనస్ 115 దాటిందంటే కాల్స్ తెగుతాయి.

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే బలహీనమైన గదికి మందు ఉంది: వైఫై కాలింగ్ ఆన్ చేయండి. జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఇస్తున్నాయి, విడిగా డబ్బులు లేవు. 2జీ ఆపే ముందే దీన్ని పెట్టుకుంటే తర్వాత తలనొప్పి చాలా తగ్గుతుంది.

5. ఆండ్రాయిడ్‌లో ఆపడం

2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి "అలో 2జీ" అనే మీట ఉంది. పాత ఫోన్‌ను 12కి అప్‌డేట్ చేసుకున్నంత మాత్రాన ఇది రాకపోవచ్చు, లోపలి మోడెమ్ కూడా సహకరించాలి. కొన్నిచోట్ల ఆపరేటర్ అమరిక వల్ల కూడా దాగిపోతుంది.

అ) సెట్టింగులు తెరిచి పైన వెతికే పెట్టెలో 2జీ అని టైప్ చేయండి. కంపెనీకో మెనూ ఉంది కాబట్టి ఇదే దగ్గరి దారి.

ఆ) దొరక్కపోతే పిక్సెల్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, సిమ్స్, మీ సిమ్ పేరు అనే వరుసలో వెళ్లండి. శామ్‌సంగ్ కొత్త మోడళ్లలో కనెక్షన్స్, మొబైల్ నెట్‌వర్క్స్ లోపల ఉంటుంది.

ఇ) మీట ఆఫ్ చేయండి. రెండో సిమ్‌కీ విడిగా ఆఫ్ చేయండి. ఒక సిమ్‌కి ఆపి రెండోది వదిలేస్తే, ముందు తలుపు గడియ పెట్టి పెరటి తలుపు తెరిచి ఉంచినట్టే.

ఈ మీట ఆఫ్‌లో ఉన్నా 112 లాంటి అత్యవసర కాల్స్‌కి మాత్రం ఫోన్ 2జీని వాడుకుంటుంది, ఆ ఏర్పాటు ఆండ్రాయిడ్‌లోనే ఉంది. అందుకే ఇదే అన్నింటికంటే మంచి పద్ధతి.

మీట లేని ఫోన్లలో రెండో దారి, పైన చెప్పిన *#*#4636#*#* మెనూలో "సెట్ ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్". 4జీ ఫోన్‌కి "ఎల్‌టీఈ ఓన్లీ", 5జీ ఫోన్‌కి "ఎన్ఆర్/ఎల్‌టీఈ" ఎంచుకోండి (ఎల్‌టీఈ అంటే 4జీ, ఎన్ఆర్ అంటే 5జీ). "ఎన్ఆర్ ఓన్లీ" జోలికి పోవద్దు. 4జీకి ఆనుకుని నడిచే 5జీ దాంట్లో దొరకదు, సిగ్నల్ మొత్తం పోవచ్చు.

ఈ రెండో దారి గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మీ సొంత ఫోన్‌లో పెట్టుకోండి, అమ్మానాన్నల ఫోన్‌లో వద్దు. ఇది పరీక్షల కోసం పెట్టిన మెనూ. అత్యవసర కాల్‌కి 2జీ తెరుచుకుంటుందన్న భరోసా ఇక్కడ లేదు. ఫోన్ రీస్టార్ట్ అయితే కొన్ని మోడళ్లలో ఎంపిక పాతదానికే పోతుంది కూడా.

"ప్రిఫర్డ్ నెట్‌వర్క్" అని మామూలు సెట్టింగుల్లో కనిపించే జాబితాలో "5జీ/4జీ/3జీ/2జీ ఆటో" లాంటివే ఉంటే, అక్కడ ఏది ఎంచుకున్నా 2జీ పోదు. ఆ జాబితాతో కాలం వృథా చేయకండి.

6. ఐఫోన్‌లో

"వాయిస్ అండ్ డేటా"లో ఎల్‌టీఈ ఎంచుకుంటే 2జీ ఆగిపోయిందని చాలామంది అనుకుంటున్నారు. ఆగదు. అది 5జీని మాత్రమే పక్కన పెడుతుంది.

ఐఓఎస్ 17 నుంచి లాక్‌డౌన్ మోడ్ ఆన్ చేస్తే 2జీ ఆగుతుంది. ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో అట్టడుగున ఉంటుంది. కానీ అది ఒక్క 2జీతో ఆగదు: మెసేజుల్లో చాలా రకాల అటాచ్‌మెంట్లు తెరుచుకోవు, కొన్ని వెబ్‌సైట్లు సరిగా నడవవు. పాత్రికేయులు, లాయర్లు, బెదిరింపులు ఎదుర్కొంటున్నవాళ్లు పెట్టుకోవాలి. కేవలం దొంగ ఎస్ఎంఎస్‌ల భయంతో అయితే మిగతావాళ్లకు ఇది మోయలేని బరువు.

7. 4జీ రౌటర్, డాంగిల్

ఇక్కడ కాల్స్ బాధ లేదు, డేటా మాత్రమే. అందుకే ఇది తేలిక, చాలామంది మరిచిపోయేదీ ఇదే.

అ) ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కి కలిపి బ్రౌజర్‌లో దాని చిరునామా కొట్టండి. 192.168.1.1, 192.168.0.1, 192.168.8.1 ఈ మూడింటిలో ఒకటి కావచ్చు. కచ్చితమైనది స్టిక్కర్ మీద ఉంటుంది.

ఆ) లాగిన్ అయ్యాక నెట్‌వర్క్ సెట్టింగుల్లో "నెట్‌వర్క్ మోడ్" వెతకండి.

ఇ) "4జీ ఓన్లీ" ఎంచుకోండి. "4జీ ప్రిఫర్డ్" అంటే 4జీకి మొదటి పీట వేస్తుందే కానీ, అవసరమైతే కిందికి దిగుతుంది. ఈ రెంటినీ ఒకటే అనుకోవద్దు.

ఈ) సేవ్ చేసి, రౌటర్‌ను కరెంటు తీసి పెట్టండి. తిరిగి లేచాక అదే మోడ్ నిలిచిందా చూడండి.

ఉ) లోపలికి వెళ్లారు కదా, పనిలో పనిగా అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చేయండి.

"4జీ ఓన్లీ" పెట్టగానే "నో సర్వీస్" అని వస్తే తప్పు సెట్టింగుది కాకపోవచ్చు, బ్యాండ్లది (ఆపరేటర్ వాడే రేడియో తరంగాల పట్టీలది) కావచ్చు. జియో 4జీ నడిచేది బ్యాండ్ 3, 5, 40 మీద. ఎక్కడో చవగ్గా కొన్న డాంగిల్‌లో 5, 40 లేకపోతే బ్యాండ్ 3 అందని చోట అది గుడ్డిదే. కొనేటప్పుడు పెట్టె మీద బ్యాండ్ల జాబితా చదవండి, 1, 3, 5, 8, 40, 41 ఉంటే ఇక్కడ ఏ సిమ్‌కైనా పనికొస్తుంది. బీఎస్ఎన్ఎల్ అయితే 28 కూడా ఉండాలి.

8. దూరంగా పెట్టిన మోడెమ్ మాడ్యూళ్లు

భీమిలి వైపు రొయ్యల హేచరీలో సెన్సర్, అచ్యుతాపురం షెడ్డులో కెమెరా, ఇలాంటి వాటిలో ఉండే మాడ్యూళ్లకు వెబ్ పేజీ ఉండదు, సీరియల్ పోర్ట్ మీద ఏటీ కమాండ్లు (మోడెమ్‌కి నేరుగా ఇచ్చే చిన్న ఆదేశాలు) పంపాలి. కింది కమాండ్లను ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయండి.

సిమ్‌కామ్ 7600 తరహా మాడ్యూల్‌లో: ఏటీ+సీఎన్ఎంపీ? అని అడిగితే ఇప్పుడున్న మోడ్ చెబుతుంది. 2 అంటే ఆటో, 13 అంటే 2జీ మాత్రమే, 14 అంటే 3జీ మాత్రమే, 38 అంటే 4జీ మాత్రమే. ఏటీ+సీఎన్ఎంపీ=38 పంపితే పని అయిపోతుంది.

క్వెక్టెల్ ఈసీ25లో క్యూసీఎఫ్‌జీ కమాండ్ కింద "ఎన్‌డబ్ల్యూ స్కాన్ మోడ్" విలువను 3 చేయాలి. 0 అంటే ఆటో. లినక్స్‌లో మోడెమ్ మేనేజర్ నడుపుతుంటే "అలౌడ్ మోడ్స్"ను 4జీకి పరిమితం చేయొచ్చు.

ఏ కంపెనీదైనా సరిచూసుకోవడానికి ఏటీ+సీఓపీఎస్? పంపండి. జవాబులో చివరి అంకె 7 అయితే 4జీ, 2 అయితే 3జీ, 0 లేదా 3 అయితే 2జీ.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన హెచ్చరిక. ఇంట్లో కూర్చుని, ఆ మోడెమ్ ఇచ్చే ఇంటర్నెట్ గుండానే లాగిన్ అయి ఈ మార్పు చేయొద్దు. అక్కడ 4జీ అందకపోతే మీరు కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్టు. ఎండలో బండేసుకుని అక్కడిదాకా వెళ్లాలి.

తప్పనిసరిగా దూరం నుంచే చేయాల్సి వస్తే ఇలా చేయండి:

☐ మొదట అక్కడి 4జీ సిగ్నల్ అంకెను కొన్ని రోజులు నమోదు చేయించండి, పగలూ రాత్రీ కూడా
☐ మార్పుకు ముందే, 15 నిమిషాల తర్వాత మోడ్‌ను తిరిగి ఆటోకి మార్చే టైమర్ ఒకటి ఆ పరికరంలో పెట్టండి
☐ 4జీకి మార్చండి, మళ్లీ లాగిన్ అవ్వండి
☐ లాగిన్ అయితే టైమర్ రద్దు చేయండి. కాకపోతే 15 నిమిషాలు ఆగండి, అదే వెనక్కి వస్తుంది
☐ వీలైనప్పుడు అక్కడి మనిషితో ఒకసారి కరెంటు తీయించి పెట్టించి, మోడ్ నిలిచిందో లేదో చూడండి

పరికరం ఎస్ఎంఎస్ ద్వారా హెచ్చరికలు పంపేదైతే, మార్చాక ఒక పరీక్ష హెచ్చరిక పంపించి చూడాలి. డేటా నడిచినంత మాత్రాన ఎస్ఎంఎస్ నడుస్తుందని లేదు.

9. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు

"కాల్ వెళ్తోంది, రావడం లేదు." ఐఎంఎస్ నమోదు (4జీ కాల్స్ కోసం ఫోన్ ఆపరేటర్ దగ్గర చేసుకునేది) తెగిపోయి ఉంటుంది. ఏరోప్లేన్ మోడ్ ఆన్, ఆఫ్. మాటిమాటికీ జరిగితే ఆ ఇంట్లో 4జీ బలం చాలడం లేదన్నమాట. వైఫై కాలింగ్ పెట్టండి.

"అరకు వెళ్తే ఫోన్ చచ్చిపోయింది." అనంతగిరి ఘాట్ ఎక్కాక 4జీ వచ్చిపోతూ ఉంటుంది. ప్రయాణానికి ముందు 2జీ ఆన్ చేసుకుని, తిరిగొచ్చాక ఆపేయండి. కొండదారిలో నకిలీ టవర్ కంటే బండి పంక్చర్ పెద్ద ప్రమాదం. నకిలీ పెట్టె పెట్టేవాడు జనం ఉన్నచోటే పెడతాడు: ఆర్టీసీ కాంప్లెక్స్, జగదాంబ, సాయంత్రం ఆర్కే బీచ్.

"ఆపాను, అయినా దొంగ మెసేజులు వస్తూనే ఉన్నాయి." వస్తాయి. అవి మామూలు దారిలో, వాట్సాప్‌లో, ఆపరేటర్ గుండా వచ్చేవి. 2జీ ఆపితే నకిలీ టవర్ నుంచి వచ్చేవి మాత్రమే ఆగుతాయి. లింకు నొక్కి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

"అప్‌డేట్ తర్వాత మళ్లీ ఆన్ అయింది." పెద్ద అప్‌డేట్, ఫ్యాక్టరీ రీసెట్, సిమ్ మార్పు, ఈ మూడింట్లో ఏది జరిగినా మీట మళ్లీ చూసుకోవాలి.

10. ఎవరు ఆపకూడదు

బటన్ ఫోన్ 2జీదైతే ఆపడానికి ఏమీ మిగలదు. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తుంటే 4జీ బటన్ ఫోన్‌కి మారడం మేలు.

ఆటోల్లో, లారీల్లో ఉన్న పాత జీపీఎస్ పరికరాలు, కొన్ని పాత స్వైపింగ్ మిషన్లు 2జీ మీదే నడుస్తాయి. వాటి సెట్టింగులు కదపొద్దు, మార్చాలంటే పరికరాన్నే మార్చాలి. మీ ఫోన్‌లో 2జీ ఆపడం వల్ల వాటికి ఏమీ కాదు, మీరు ఆపుతున్నది మీ చేతిలోని రేడియోను మాత్రమే.

విదేశాలకు వెళ్లేవాళ్లు, ముఖ్యంగా ఓడల మీద పనిచేసేవాళ్లు, రోమింగ్‌లో వోల్టీ ఉందో లేదో ఆపరేటర్‌ను ముందే అడగండి. లేకపోతే అక్కడ దిగేలోపు మీట ఆన్ చేసుకోండి.